జూలై ఒకటిన పుట్టినవాళ్ళు

ఆదివారాలు ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి. దించిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. పాతికేళ్ళకు పైగా తిరుగుతున్నానక్కడ. కథల పుస్తకాల కోసం వెళ్తే పోటీ పరీక్షల గైడ్లే ఎక్కువ చేతికి తగులుతాయి. అలా తగిలిందే ఈ చిన్న పుస్తకం. జనవరి ఒకటి నుంచి డిసెంబరు ముప్ఫై ఒకటి దాకా రోజుకో పేజీ. పైన ఆ రోజు జరిగిన ముఖ్య సంఘటనలు, కింద ఆ రోజు పుట్టిన ప్రముఖులు. దినపత్రికల్లో ఓ మూల "చరిత్రలో ఈ రోజు" అని వచ్చేది, స్కూల్లో ప్రేయర్ అయ్యాక పిల్లలతో చదివించేది, అదే సరుకు. ఇరవై రూపాయలిచ్చి, అక్కడే నిలబడి జూలై ఒకటి పేజీ తీశాను. ఎందుకంటే అది మా అమ్మ పుట్టినరోజు. అంటే, ప్రభుత్వం లెక్కలో.

పేజీ నిండుగానే ఉంది. 1882లో డాక్టర్ బి.సి. రాయ్ పుట్టాడు, 1962లో అదే తేదీన పోయాడు, అందుకని అది జాతీయ వైద్యుల దినోత్సవం. 1955లో ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకు అయింది. 1997లో హాంకాంగ్ చైనా చేతికి వచ్చింది. పుట్టినవాళ్ళలో వెంకయ్యనాయుడు, పరుగుపందేల కార్ల్ లూయిస్, బ్రిటిష్ యువరాణి డయానా. చివర్లో కల్పనా చావ్లా, 1961.

ఆ ఆఖరి పేరు దగ్గర ఆగిపోయాను. కల్పన పుట్టింది 1962 మార్చి 17న. మెట్రిక్ పరీక్షకు వయసు చాలదని రికార్డుల్లో 1961 జూలై 1 అని వేయించారు. అంటే అంతరిక్షానికి వెళ్ళిన మనిషికి కూడా కాగితం మీద పుట్టినరోజు మా అమ్మదే! కాకపోతే ఆ అమ్మాయికి పెంచిన తొమ్మిది నెలలు ఒక తలుపు తెరిచాయి. మా అమ్మకు పెంచిన నాలుగేళ్ళు ఏం చేశాయో చెప్తాను.

అమ్మ 1974 చివర్లో నాంపల్లిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో స్వీపరుగా చేరింది. అప్పటికి నేను చంకలో పిల్లని. చేరేటప్పుడు గుమాస్తా అడిగాడట, "ఎప్పుడు పుట్టినవమ్మా?" అని. అమ్మ చెప్పింది: "మిలిట్రీ వచ్చిన యేడు, సద్దుల బతుకమ్మ తెల్లారి." ఆయన నవ్వి, పక్కాయనకు కూడా చెప్పి నవ్వించి, డాక్టరు దగ్గరికి పంపాడు. డాక్టరు పళ్ళు చూశాడు, మొహం చూశాడు, ముప్ఫై అని రాశాడు. ఏడేళ్ళ నుంచి పొలం పని, పదహారో ఏట పెళ్ళి, ముగ్గురు పిల్లలు, అందులో ఒకరు దక్కలేదు. మరి ముప్ఫైలాగే ఉండి ఉంటుంది మొహం. ముప్ఫై అంటే 1944. ఇక తేదీ? దానికీ నిబంధన ఉంది. సంవత్సరం మాత్రమే తెలిస్తే జూలై ఒకటి అని వెయ్యాలి. నెల కూడా తెలిస్తే ఆ నెల పదహారో తేదీ. అలా మా అమ్మ సర్వీసు బుక్కులో 1-7-1944న పుట్టింది. వైద్యుల దినోత్సవం నాడు, ఒక డాక్టరు చేతిలో.

ఇప్పుడు అమ్మ చెప్పిన మాట లెక్క కట్టి చూడండి. మిలిట్రీ వచ్చింది, అదే పోలీస్ యాక్షన్, 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా. తర్వాత వచ్చిన బతుకమ్మ ఆ ఏటిదే. తెలుగు లెక్కలో సర్వధారి నామ సంవత్సరం. సద్దుల బతుకమ్మ ఆశ్వయుజ శుద్ధ అష్టమి, తెల్లారి నవమి. అంటే అక్టోబరు రెండో వారం. పాత పంచాంగం ఒకటి ముందు పెట్టుకుంటే అయిదు నిమిషాల పని. సంవత్సరం, నెల, తిథి, అన్నీ చెప్పింది మా అమ్మ. గుమాస్తాకు వినిపించింది మాత్రం "తెలియదు" అని.

చివరితరగతి ఉద్యోగులకు అప్పట్లో రిటైర్మెంటు అరవై ఏళ్ళకి. ఒకటో తేదీన పుట్టినవాళ్ళు అంతకుముందు నెల ఆఖరి రోజున దిగిపోతారు. 2004 జూన్ 30న అమ్మకు శాలువా కప్పి పంపించేశారు. అసలు లెక్కలో అయితే 2008 అక్టోబరు చివరిదాకా పనిచెయ్యాలి. యాభై రెండు నెలల జీతం. తేదీ మార్పించుకుందామని నేను తిరగని సెక్షను లేదు. ఒకసారి సర్వీసు బుక్కులో ఎక్కిన తేదీ, రాయడంలో పొరపాటు జరిగిందని తేలితే తప్ప మారదని 1984 నాటి నిబంధనలు. ఇక్కడ రాయడంలో పొరపాటు లేదు కదా! వినడంలో ఉంది. దానికి నిబంధన లేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ ఇరవై రూపాయల పుస్తకం, ఈ సర్వీసు బుక్కు ఒకే చేతి రాతలా కనిపించాయి నాకు. రెండింటికీ తేదీ ఉన్నవాళ్ళే మనుషులు.

"అదొక సరదా కాలమ్, దాని మీద ఇంత కోపమా" అంది ఓ స్నేహితురాలు. సరదా ఎవరికి అని అడగాలి ముందు. ఆ పేజీలోకి ఎక్కాలంటే మొదటి అర్హత గొప్ప పని చెయ్యడం కాదు. పుట్టిన రోజున ఎవరో ఒకరు కాగితం తీసి రాసుకుని ఉండాలి. ఎవరు పుడితే రాసుకున్నారు? మా మేనమామకు తేదీ ఉంది, బడికి పంపారు కాబట్టి. అదీ పంతులు వేసిన తేదీయే అనుకోండి, అయినా ఉంది. అమ్మ బడి మొహం చూడలేదు. జాతకాలు రాయించే ఇళ్ళలో మాత్రం ఏమైంది? ఆడపిల్ల జాతకం పెళ్ళి కుదిరేదాకానే. ఆ తర్వాత ఆ కాగితం ఎక్కడ పోయిందో అడిగిన నాథుడు లేడు. పేద మగవాళ్ళకీ, దళిత కులాల మగవాళ్ళకీ తేదీలు లేవు, నిజమే. వాళ్ళ తరఫున కూడా అడుగుతున్నానని అనుకోండి. కాకపోతే వాళ్ళ ఇళ్ళల్లోనూ బడికి పోయి తేదీ తెచ్చుకున్నవాడు మొదట కొడుకే.

వైద్యుల దినోత్సవం సంగతే చూద్దాం. హైదరాబాదు మెడికల్ స్కూల్లో 1880లలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ అమ్మాయి ఉంది. ప్రపంచంలోనే మొట్టమొదటి మహిళా మత్తు డాక్టరు అంటారు ఆమెను. ఎడ్వర్డ్ లారీ 1888, 89లలో ఇక్కడ జరిపించిన హైదరాబాదు క్లోరోఫామ్ కమిషన్లలో పనిచేసింది. ఆబిడ్స్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, అఫ్జల్‌గంజ్‌లో ఆమె పనిచేసిన ఆసుపత్రి. ఎప్పుడు పుట్టిందో ఏ పుస్తకంలోనూ దొరకలేదు నాకు. కాబట్టి ఆమె ఏ పేజీలోకీ రాదు. మత్తిచ్చి కత్తి నొప్పి తెలియకుండా చేసిన మనిషికి సంవత్సరం పొడుగునా ఒక్క రోజు లేదు, మూడు వందల అరవై అయిదు పేజీలున్న పుస్తకంలో.

తేదీ ఉన్న ఆడవాళ్ళకు మాత్రం న్యాయం జరిగిందా? ఫిబ్రవరి 13 పేజీ తీశాను. సరోజినీ నాయుడు, 1879. నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద గోల్డెన్ థ్రెషోల్డ్ మీకు తెలుసు. ఆమె పుట్టింటివాళ్ళ ఇల్లు. 1905లో లండన్‌లో అచ్చయిన ఆమె మొదటి కవితల పుస్తకం పేరు ఆ ఇంటికి నిలిచిపోయింది. 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదలైంది అక్కడే. జీతం రోజున అమ్మ నన్ను నడిపించుకుని ఆబిడ్స్‌కి వచ్చేది ఆ గేటు ముందు నుంచే. ఫిబ్రవరి 13 అంటే నుమాయిష్ ఆఖరి రోజులు. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి పోయే జనంతో ఆ రోడ్డు కిటకిటలాడుతుంటుంది. ఆ రోజు జాతీయ మహిళా దినోత్సవం అని ఆ జనంలో ఎంతమందికి తెలుసు?

ఆ పేజీలో ఆమెకు దక్కింది ఒక్క లైను. "భారత కోకిల సరోజినీ నాయుడు జననం." ఆమె పక్కనే 1911లో పుట్టిన ఫైజ్ అహ్మద్ ఫైజ్ ఉన్నాడు. ఆయన కవి, అంతే, పిట్ట కాదు. 1925లో కాన్పూర్ కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన మనిషిని, 1917లో ఆడవాళ్ళకు ఓటు కావాలని మాంటేగు దగ్గరికి ప్రతినిధి బృందాన్ని నడిపించిన మనిషిని మనం పాడించి వదిలిపెట్టాం. పుట్టడంలో ఆమె గొప్పేముంది చెప్పండి? ఆ కష్టం వాళ్ళమ్మది. 1930 మే 21న ధరాసణ ఉప్పు డిపో దగ్గర, పోలీసుల లాఠీల కిందికి వరసలు వరసలుగా పోతున్న సత్యాగ్రహుల ముందు నిలబడింది సరోజిని. అది ఆమె చేసిన పని. ఆ రోజు పేజీ తీసి చూశాను. 1991లో రాజీవ్ గాంధీ హత్య ఉంది. ధరాసణ లేదు. చేసిన రోజున లేదు, పుట్టిన రోజున ఉంది. ఆడదాని విషయంలో ఆ పుస్తకానికి గుర్తున్నది కన్న ముహూర్తం ఒక్కటే.

కన్నతల్లి అన్నాను కదా, ఆమెనూ అడుగుదాం. వరదసుందరీ దేవి. బెంగాలీలో కవితలు రాసేది. ఎనిమిదిమంది పిల్లల్ని కంది. భర్త అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఎడింబరోలో డాక్టరేటు చేసి వచ్చాడు, నిజాం కాలేజీ ఆయన పేరుతో ముడిపడి ఉంది. కొడుకుల్లో వీరేంద్రనాథ్ విప్లవకారుడు, హరీంద్రనాథ్ కవి. వాళ్ళకి తేదీలున్నాయి. ఆ ఇంట్లో మొదటి కవయిత్రి ఎప్పుడు పుట్టిందో నేను చదివిన సరోజిని జీవిత చరిత్రల్లో లేదు. ఇంత చదువుకున్న ఇంట్లోనే ఇలా ఉంటే, నవ్విన ఆ గుమాస్తాను ఏమనుకోను?

ఇంకో పేజీ సెప్టెంబరు 28. ఇది మన ఊరి తేదీ. 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. తుగ్యానీ అనేవాళ్ళు పాతబస్తీ ముసలమ్మలు. "తుగ్యానీ నాటికి నాకు పళ్ళూడుతున్నయ్", "తుగ్యానీ అయినంక మూడేండ్లకు పెద్దోడు" అంటూ జీవితమంతా ఆ వరద గట్టు మీద నిలబెట్టి కొలిచేవాళ్ళు. అదే తేదీన 1895లో జాషువా, 1929లో లతా మంగేష్కర్ పుట్టారు. భగత్ సింగ్ పుట్టింది ఆ రోజా, అంతకుముందు రోజా అని ఇప్పటికీ వాదనలు నడుస్తాయి. చూడండి, అక్కడ ఒక్క రోజు తేడాకి వాదన! మా అమ్మకు నాలుగేళ్ళు తేడా వస్తే ఫైలు మూసేశారు.

నన్ను ఎక్కువ బాధపెడుతున్నది మాత్రం ఆ గైడు రాసినవాళ్ళు కాదు. మనం. మన సంఘాలు వేసే కాలెండర్లు, మన పత్రికల వెనక అట్ట మీద వేసుకునే "ఈ నెలలో పుట్టిన మహిళా మణులు". నేనే ఎన్నోసార్లు పేర్లు పంపాను. మగవాళ్ళ పట్టికలో ఖాళీలు వెతికి ఆడపేర్లు ఇరికించడమే ఆ పని. పట్టిక ఎవరు గీశారో అడగలేదు. ఫలితం ఏమిటి? తేదీలున్న ఆడవాళ్ళే మన చరిత్ర అయ్యారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ వస్తుంది, 1909 జూలై 15. ఆమెను గౌరవిస్తాను, కాదనను. ఆ జైళ్ళకు అన్నం గంపలు మోసినవాళ్ళు రారు.

ప్రభుత్వాలు మనకంటే ముందున్నాయి ఈ విద్యలో. సావిత్రీబాయి పూలే పుట్టిన జనవరి 3ను 2025లో తెలంగాణ ప్రభుత్వం మహిళా టీచర్ల దినోత్సవం చేసింది. మంచిదే కదా అని చప్పట్లు కొట్టాం. సెప్టెంబరు 5 మాత్రం ఉపాధ్యాయ దినోత్సవంగానే ఉంది, దానికి ముందు "పురుష" అని ఎవరూ చేర్చలేదు. ఈ దేశంలో ఆడపిల్లలకు బడి పెట్టిన మనిషి "మహిళా టీచరు" అయింది, టీచరు కాలేకపోయింది. నవంబరు 14 పిల్లలది నెహ్రూ గారి పుట్టినరోజు, సెప్టెంబరు 15 ఇంజనీర్లది విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు, ఆగస్టు 29 మన భాషది గిడుగు గారి పుట్టినరోజు. చంటిపిల్లలు, ఆనకట్టలు, అమ్మ భాష, ఒక్కటీ వదల్లేదు.

చాకలి ఐలమ్మ సంగతి ఇంకా చిత్రం. పాలకుర్తిలో తన కౌలు పొలం పంట విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో పడకుండా కోసి ఇంటికి చేర్చుకున్న మనిషి. 1985 సెప్టెంబరు 10న చనిపోయింది, అది ఖాయం. పుట్టింది మటుకు ఒకరు 1895 అంటారు, ఒకరు 1919 అంటారు. ఇరవై నాలుగేళ్ళ తేడా. అయినా సెప్టెంబరు 26న జయంతి జరుగుతుంది, పూలదండలు పడతాయి. ఆబిడ్స్ పక్కనే కోఠీలో మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు, సంతోషం. కానీ ఆ పంట కోసిన రోజు ఏదో ఏ కాలెండర్లోనూ లేదు. ఐలమ్మను అడిగి ఉంటే ఏ కార్తెలో, ఏ చేను కోసిందో, ఎవరెవరు కొడవళ్ళు పట్టుకొచ్చారో చెప్పేది. అడగడం ఎలాగో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లోనే "మనకు తెలియని మన చరిత్ర"లో చూపించారు. తెలంగాణ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ మాటల్లోనే రాసుకొచ్చారు. నలభై ఏళ్ళయింది. ఆ పద్ధతి పట్టుకుని పోవాల్సిన మనం జయంతుల దగ్గర చతికిలబడ్డాం.

అంతకుముందే, 1901లో భండారు అచ్చమాంబ "అబలా సచ్చరిత్ర రత్నమాల" వేసింది. బడికి పోకుండా ఇంట్లోనే చదువు నేర్చుకుని, దేశమంతటి ఆడవాళ్ళ జీవితాలు ఒకచోటికి చేర్చిన మనిషి. ముప్ఫై ఏళ్ళకే పోయింది, 1905లో. 1902లో ఆమె రాసిన "ధనత్రయోదశి"ని పక్కన పెట్టి, 1910 నాటి "దిద్దుబాటు"నే తొలి తెలుగు కథ అని పిల్లలకు నేర్పుతూ వచ్చారు. గురజాడ మీద నాకు కోపం లేదు. ఎనిమిదేళ్ళ ముందున్న అంకె కంటికి ఆనకపోవడం మీద కోపం. తేదీ ఉన్నా లేకపోయినా మన గతి ఇంతే అయినప్పుడు, ఆ తేదీల కాళ్ళు పట్టుకుని వేళ్ళాడటం ఎందుకు?

అందుకని నేను అడిగేవి రెండు. ఒకటి ప్రభుత్వాన్ని. 2023 చట్ట సవరణ తర్వాత, ఆ అక్టోబరు ఒకటి నుంచి పుట్టేవాళ్ళకి జనన ధ్రువపత్రం ఒక్కటే చాలంటున్నారు. బాగుంది, వాళ్ళ బాధ తీరింది. అంతకుముందు పుట్టి ఇంకా పనిచేస్తున్న ఆయమ్మలు, స్వీపర్లు, వంటమ్మలు ఉన్నారు. ఆమె "ఫలానా వరద ఏడు, ఫలానా పండగ తెల్లారి" అంటే దాన్ని సాక్ష్యంగా రాసుకోండి. పంచాంగం చూసి పెళ్ళిళ్ళు చేసుకునే అధికారులే కదా, పంచాంగం చూసి ఒక పుట్టినరోజు తియ్యలేరా? మొహం చూసి వయసు కట్టే పద్ధతి ఉన్నంతకాలం, ఎక్కువ కష్టపడిన ఆడది తొందరగా ముసలిదవుతుంది, ముందే ఇంటికి పంపబడుతుంది. కష్టానికి జరిమానా వెయ్యడం ఇది.

రెండోది మనల్ని. వచ్చే ఏడాది మన కాలెండరుకు నేను పుట్టినరోజులు పంపను. ఎవరైనా ఆడవాళ్ళు ఏదైనా చేసిన రోజులు పంపుతాను. తేదీ తెలియకపోతే కార్తె పేరుతో, వరద పేరుతో, సమ్మె పేరుతో పంపుతాను. ఏ గడిలో వేస్తారో సంపాదకవర్గం తేల్చుకోవాలి. గడులు సరిపోకపోతే గీతలు మార్చండి.

మొన్న జూలై ఒకటిన అమ్మ ఫోనుకు ఒక బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. జన్మదిన శుభాకాంక్షలు. చదివి వినిపించాను. "ఎవలకు బిడ్డా?" అంది. "నీకేనమ్మా." "నాదింక బతుకమ్మకు గదా," అని లేచి వెళ్ళి పొయ్యి మీద పాలు దించింది.

అప్పటి నుంచి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. తెలిసినవాళ్ళందరినీ మీ అమ్మ ఎప్పుడు పుట్టానని చెప్తుందో అడుగుతున్నాను, తేదీ వద్దని ముందే చెప్పి. ఇప్పటికి పదకొండు వచ్చాయి. ఒకామె నెహ్రూ పోయిన నెలలో, రోహిణి ఎండలకు. ఒకామె సాగర్ కాలువకు నీళ్ళు విడిచిన యేడు, నాట్లప్పుడు. కృష్ణా జిల్లా నుంచి ఒకరు ఫోన్ చేశారు: దివిసీమ ఉప్పెన నాటికి ఆమె పదిరోజుల గుడ్డు, వాళ్ళమ్మ దూలం మీద కూర్చుని పాలిచ్చిందట.